రాయనిది చెప్పే కుర్చీ

జగిత్యాల
జూన్ 12

ఊర్మిలత్తమ్మకు,

ఫోన్ ఉండగా ఈ కాగితమేంటని భయపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ముందు చెప్పకపోతే కవరు చూసిన చోటే కూలబడతావని నాకు తెలుసు.

మా ఇన్‌చార్జి ఏసుబాబు సార్ రాయమన్నారు, అందుకే రాస్తున్నాను. ఏప్రిల్‌లో నన్ను కోరుట్ల నుంచి జగిత్యాల ఆఫీసుకు మార్చారు కదా. ఇక్కడ సార్ టేబుల్ పక్కన ఒక పాత చెక్క కుర్చీ ఉంటుంది. చావు జరిగిన ఇంటికి వెళ్లొచ్చిన విలేకరి ఎవరైనా సరే, వార్త పంపేశాక ఆ కుర్చీలో కూర్చోవాలి. సార్ రెండు చాయ్‌లు తెప్పించి, "ఇగ రాయనిది చెప్పు" అంటారు. అంతే. మధ్యలో మాట్లాడరు, ఫోన్ ముట్టుకోరు. పేపర్లో పట్టనిది, పెట్టకూడనిది అక్కడ చెప్పుకోవాలి. మర్నాడు ఆ మనిషిని ఇంకో చావుకు పంపరు. కూరగాయల మార్కెట్‌కో, బడికో పంపుతారు.

నేను ఈ పనిలో చేరి మూడేళ్లు. ఒకే రోజు మూడు చావు ఇళ్లకు వెళ్లి, బండి మీదే సమోసా తిని, మూడు వార్తలు పంపిన రోజులున్నాయి. "ఫొటో ఇంక రాలేదేంది" అని అడిగినవాళ్లే గానీ, ఎలా ఉన్నావని అడిగినవాళ్లు లేరు. ఇక్కడికొచ్చిన మొదటి వారం ఆ కుర్చీని వింతగా చూస్తూ ఉండిపోయాను.

మా ఫొటోగ్రాఫర్ కుమారన్న మాత్రం అందులో ఎన్నడూ కూర్చోడు. ఇరవై ఏళ్ల సర్వీసు, మెలితిప్పిన మీసం. "నాకెందుకు సార్ గా కుర్చీ, నేను కెమెరాకు చెప్పుకుంట" అని నవ్వుతాడు.

ఇప్పుడు నా సంగతి. పోయిన వారం మల్యాల దగ్గర ఒక ఊళ్లో ట్రాక్టర్ బోల్తా పడి విఠల్ అనే ఇరవై ఆరేళ్ల అతను చనిపోయాడు. వాళ్లింటి గోడ మీద అన్నదమ్ములిద్దరి ఫొటో ఉంది. దాన్ని ఫోన్‌లో తీసుకుని, ఒక మొహం కత్తిరించి పంపాను. ఆ ఏడుపుల మధ్య ఇద్దరిలో విఠల్ ఎవరని అడగడానికి నోరు రాలేదు. ఎడమ పక్కన ఉన్నవాడే అనుకున్నాను. పేపర్లో బతికున్న అన్న గంగారాం మొహం వచ్చింది, కింద "మృతుడు" అని.

మూడు రోజులు ఆ కుర్చీలో కూర్చున్నాను అత్తమ్మా. ఒక్క మాట పెగల్లేదు. మూడో రోజు సార్, "నోటికి రాకపోతే చేతికి వస్తది. మన పనితోని సంబంధం లేనోళ్లు ఎవలన్న ఉంటె కాగితం మీద రాయి. ఫోన్ల వద్దు, ఫోన్ల రాస్తే అది సుత వార్త లెక్కనే అయితది" అన్నారు.

నిద్ర కొంచెం తక్కువైంది, అంతే. మిగతా సంగతి బాగానే ఉంది.

వనిత

*

సిరిసిల్ల
జూన్ 20

బిడ్డా వనితా,

నీ కవరు మొన్న అచ్చింది. పోస్టాయన నా చేతుల పెట్టుకుంట "గీ కాలంల ఉత్తరాలేందమ్మా" అని నవ్విండు. నేను ఏడో తరగతి దాంక చదువుకున్న. నాకు మీ పేపర్ తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్త. తప్పులు ఏరకు.

మూడు సార్లు చదివిన. నాలుగు పేజీలల్ల మీ సార్ ఉన్నడు, కుర్చీ ఉన్నది, కుమార్ మీసం ఉన్నది. నువ్వు మాత్రం ఒక్క లైన్ల ఉన్నవు. నిద్ర కొంచెం తక్కువైందట. నన్ను ఎవలనుకున్నవే? తల్లి లేని పిల్లవని, మీ నాయిన పోయిన కాన్నుంచి సాదిన దాన్ని. బాగానే ఉన్న అని నువ్వు అన్నవంటె ఆ పూట అన్నం ముట్టలేదని నాకు ఎర్కనే.

గా గంగారాం తల్లి ఏమన్నది? ఆ తల్లి సంగతి ఒక్క ముక్క రాయలేదు. నీ నొప్పి గక్కడనే ఉన్నట్టు కొడుతున్నది నాకు. రాయి.

ఇంకో మాట. మీ సార్‌ది వెల్గటూర్ దిక్కా? ఎడమ చెయ్యి బొటనేలుకు గోరు ఉండదా? ఎందుకు అడుగుతున్ననో ఇప్పుడు చెప్ప. ముందుగాల నువ్వు చెప్పు.

వానలు షురూ అయినయి. పక్కింట్ల సాంచెలు నడుస్తనే ఉన్నయి, ఆ మగ్గాల చప్పుడు లేకుంటె నాకు పొద్దే పోదు. నేను వాటికి నూలు కండెలు చుట్టుడు బంద్ చేసి రెండేండ్లాయె గని, చేతులు ఊకుంటలేవు. మామిడికాయ తొక్కు పెట్టిన, బస్సుల పంపుత. తిన్నవా లేదా అబద్ధమాడకుంట రాయి.

మీ అత్త

*

జగిత్యాల
జూన్ 30

అత్తమ్మా,

తొక్కు అందింది. రెండు పూటలు తిన్నాను, మూడో పూట తినలేదు. అబద్ధమాడొద్దన్నావు కదా.

ఆ తల్లి పేరు నర్సక్క. చదువు రాదు. ఆ పొద్దున వాకిట్లో ఎవరో పేపర్ పరుచుకుని ఏడుస్తుంటే వంగి చూసింది. చిన్న కొడుకు పోయాడని తెలుసు. పేపర్లో పెద్ద కొడుకు కనిపించాడు. "ఇద్దరు పోయిండ్రా? నాకు ఒక్కడనే చెప్పిండ్రా?" అని పడిపోయింది. గంగారాం ఎదురుగా కూర్చుని "నేనున్ననే అవ్వా" అన్నా నమ్మలేదట. అతని మొహమంతా చేతులతో తడిమి తడిమి చూసిందట. ఇప్పటికీ అతను బయటికి వెళితే వచ్చేదాకా వాకిలి వదలడం లేదు. ఇది నేను చేసిన పని.

ఇక సార్ చేసింది విను. ఆయన చెప్పలేదు, పేపర్ ఏజెంటు చెప్పాడు. ఆ రోజు పొద్దున ఐదున్నరకు ఏజెంటు ఫోన్ చేసి తప్పు చూపించాడు. సార్ నన్ను లేపలేదు. బండి మీద ఆ ఊరికి వెళ్లి, ఏజెంటును వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "అమ్మా, గా పేపర్ జర వాపస్ ఇయ్యండి. బతికున్న మనిషిని సచ్చిపోయిండని ఏసినం. తప్పు మాదే" అని గడపగడపకూ అడిగారట. జిల్లా మొత్తానికి ఇన్‌చార్జి, అత్తమ్మా. ఆఫీసర్లు లేచి కుర్చీ వేసే మనిషి. నలభై ఒక్క పేపర్లు చంకలో పెట్టుకుని, పొద్దున్నే వాకిళ్లూడ్చే ఆడవాళ్లకు దండం పెడుతుంటే ఏజెంటుకే ఏడుపొచ్చిందట. నలభై రెండో పేపరు మాత్రం అప్పటికే నర్సక్క వాకిట్లో ఉంది.

పేపర్ వేసే వాళ్లను రోజూ చూస్తాను. వేసిన పేపర్‌ను తిరిగి అడుక్కున్న మనిషి గురించి నేను ఎక్కడా వినలేదు.

హెడ్ ఆఫీసు వాళ్లు సంజాయిషీ అడిగితే "ఫొటో చూసి పాస్ చేసింది నేనే" అని రాసిచ్చారు. అది నిజమే. తెచ్చింది ఎవరో మాత్రం రాయలేదు.

దినాలు అయ్యాక నన్ను ఆ ఇంటికి తీసుకెళ్లారు. ముందే అడిగారు, "రాగలవా? రాకున్నా నేనేమనుకోను" అని. నర్సక్క పక్కన నేల మీద కూర్చున్నారు. గంట సేపు ఆమె తిట్టింది, ఏడ్చింది. ఒక్క సాకు చెప్పలేదు. నన్ను ముందుకు తోయలేదు, వెనక దాచలేదు. చివరికి గంగారామే, "తమ్మునిది మంచి ఫొటో ఇస్త సార్, గదన్న ఎయ్యండి" అన్నాడు. మర్నాడు తప్పు వచ్చిన పేజీలోనే, తప్పు వచ్చినంత జాగాలోనే విఠల్ ఫొటో వేసి, పక్కన క్షమాపణ రాశారు. సవరణ అంటే అడుగున ఓ మూల చిన్న అక్షరాల్లో వేసేదనే నాకు తెలుసు.

నిన్న మీటింగ్‌లో ఇంకో మాట చెప్పారు. వాన పడుతోందన్నంత మామూలుగా చెప్పారు. "ప్రతి నెల రెండో శనివారం నేను లేట్‌గ వస్త. మనసు డాక్టర్ దగ్గరికి పోత. పదకొండేండ్ల నుంచి పోతున్న. మీల ఎవలకన్న రంది ఎక్కువైతే చెప్పుండ్రి, నంబర్ ఇస్త. లీవు సంగతి నేను చూసుకుంట." కుమారన్న మీసం దిద్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. మన దగ్గర మగవాళ్లు జ్వరమొచ్చిందని చెప్పుకోవడానికే నామోషీ పడతారు.

ఆయన అంత చెప్పాక నేను నీ దగ్గర దాచడం సిగ్గుగా ఉంది. ఇరవై రోజులుగా రెండు గంటలకు మించి నిద్ర లేదు. బస్సులో ఎదురుగా కూర్చున్న వాళ్ల మొహాల కింద "మృతుడు" అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. సార్‌కు చూపించాను. తీసుకోలేదు, చింపలేదు. "నెల దినాలు నీ దగ్గరనే పెట్టుకో. అప్పటికి సుత ఇయ్యాలనిపిస్తే తీసుకుంట, మంచిగ సాగనంపుత. ముందుగాల డాక్టర్‌ను కలువు" అన్నారు.

నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు, ఇంకోటి ఇష్టమూ లేదు. కానీ ఒక తల్లిని అలా చేసిన చేత్తో మళ్లీ ఎలా రాయాలో తెలియడం లేదు.

అవును, సార్‌ది వెల్గటూర్ దగ్గర పల్లె. ఎడమ బొటనవేలికి గోరు లేదు. నీకెలా తెలుసు?

వనిత

*

సిరిసిల్ల
జులై 8

బిడ్డా,

గీ పేజీ ఇక్కడనే ఆపి డాక్టర్ దగ్గరికి పో. ఉత్తరం ఎటూ పోదు. పోయచ్చినంకనే మిగిలింది చదువు.

పోయచ్చినవా? ఇగ విను.

మీ నాయిన మార్కండేయులు గుండెనొప్పితోని పోయిండని నీకు చెప్పిన. అది అబద్ధం. సాంచెల పని బందయి, రంది ఎక్కువయి, తన పానం తనే తీసుకున్నడు. నీకు గప్పుడు తొమ్మిదేండ్లు. నలుగురి మాటలు నీ చెవుల పడొద్దని, దినాలు కాంగనే నిన్ను కోరుట్ల హాస్టల్ల ఏసి వచ్చిన. పద్దెనిమిదేండ్లు దాసిన. తిట్టాలనిపిస్తె తిట్టు, పడుత.

గా మూడొద్దులల్ల పేపర్ నుంచి ఒకాయన అచ్చిండు. బక్క మనిషి, ఎడమ బొటనేలుకు గోరు లేదు. మీ నాయినది ఇంట్ల ఉన్నదే ఒక్క ఫొటో, పెండ్లిల దిగింది. రేపే వాపస్ తెస్తనని పట్కపోయిండు. మీ నాయిన పేపర్ల పడ్డడు గని ఫొటో వాపస్ రాలేదు. నెల ఎదురు సూసిన. ఆయనను నేను తిట్టని తిట్టు లేదు.

ఆరు నెలలకు అచ్చిండు. వాకిట్ల నిలబడి, "అమ్మా, ఫొటో పోయింది. ప్రెస్సోళ్లు పోగొట్టిండ్రని చెప్పొచ్చు గని, పోగొట్టింది నేనే" అన్నడు. నేను చీపురు అందుకున్న. కదల్లేదు. సంచిల నుంచి ఒక పెద్ద పటం తీసిండు. గా ఆరు నెలలు ఈడ ఉన్న ఫొటో స్టూడియోలన్ని తిరిగి, మీ నాయిన పెండ్లికి ఫొటోలు తీసినాయనను దేవులాడి, ఆయన అటక మీది డబ్బాలల్ల పాత రీలు ఎతికి పట్టి, కడిగించి, అద్దం కట్టించి తెచ్చిండు. నువ్వు ఇంటికి అచ్చినప్పుడల్ల దండం పెట్టుకునే పటం గదే. నా చేతుల చీపురు అట్లనే ఉండిపోయింది. మనుషులల్ల ఇట్లాంటోళ్లు సుత ఉంటరా అనుకున్న.

పటం గోడకు పెట్టినంక ఆయన కూలబడి ఏడ్చిండు. గా ఒక్క ఏడు ముప్పై ఇండ్లకు పోయిండట గిట్లనే. నిద్ర లేదు, తిండి లేదు. నాకేం చెప్పొస్తది? నేను కండెలు చుట్టుకుంట, "రాసింది పేపర్ల చదివిన. రాయనిది ఎవలకు చెప్పుకుంటవు? నాకు చెప్పు. చేతులకే పని, చెవులు ఖాళీనే ఉన్నయి" అన్న. ఒక కుర్చీ ఏసిన, రెండు చాయలు పెట్టిన. మధ్యల మాట్లాడలేదు. ఏం మాట్లాడాల్నో నాకు ఎర్కలేకనే మాట్లాడలేదు బిడ్డా. ఏడాది దాంక ఐతారం ఐతారం అచ్చి చెప్పి పోయిండు. ఆయన పేరు సుత నేను అడగలేదు, బాబూ అంటుంటి. బదిలీ అయిందని ఒకనాడు చెప్పి పోయిండు, మళ్ల రాలేదు.

నీ ఉత్తరంల రాయనిది చెప్పు అని చదివినప్పుడు గా లైన్ మీద ఏలు పెట్టి మళ్ల మళ్ల చదివిన. నేను చుట్టిన కండెలు యాడ బట్టలయినయో, ఎవలు తొడుక్కున్నరో నాకు ఎర్కలేదు. గీ ఒక్క మాట మాత్రం ఊళ్లు తిరిగి తిరిగి నా బిడ్డ దగ్గరికే అచ్చింది. రెండు దినాలాయె, నాకు వేరే యాది లేదు.

నీ సంచిలున్న కాగితం ఇస్తవో ఇయ్యవో నీ ఇష్టం. నేను చెప్పేది ఒక్కటే. మా ఫొటో పోగొట్టిన చెయ్యే, నువ్వు తప్పు చేసిననాడు నలభై ఇండ్ల ముందట దండం పెట్టింది.

మీ అత్త

*

కోరుట్ల
జులై 19

అత్తమ్మా,

నువ్వు చెప్పినట్టే డాక్టర్‌ను కలిశాకే రెండో పేజీ తిప్పాను. చూడరానివి వరసపెట్టి చూసిన మనసుకు వచ్చే జబ్బేనని, తగ్గుతుందని ఆమె చెప్పింది. మాత్రలు ఇచ్చింది. ఇప్పుడు ఐదు గంటలు పడుకుంటున్నాను.

నాన్న సంగతి నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన ఏడాదే పాత పేపర్ల కట్టలో చూశాను. వార్త కింద రాసినవాళ్ల పేరు లేదు. నేను బాధపడతానని నువ్వు దాచావు, నువ్వు బాధపడతావని నేను దాచాను. నిన్నేమని తిట్టను?

సార్ నన్ను రెండు వారాలు కోరుట్ల పంపారు, చావు వార్తలు లేకుండా. బస్టాండ్ దగ్గర మక్కకంకులు కాల్చే మల్లవ్వ గురించి రాశాను. ఆమె నా మొహం చూసి, "ముందుగాల తిను, తర్వాత అడుగు" అని రెండు కంకులు చేతిలో పెట్టింది. నా పాత హాస్టల్‌కూ వెళ్లాను. నువ్వు నన్ను వదిలేసి, గేటు దాటాక చెట్టు చాటున నిలబడి ఏడవడం ఆ రోజు కిటికీలోంచి చూశాను. ఇది కూడా నేను నీకు చెప్పలేదు.

సార్‌కు ఫోన్ చేసి, "సిరిసిల్లలో కండెలు చుట్టే ఊర్మిల మా మేనత్త" అని చెప్పాను. "నువ్వు మార్కండేయులు బిడ్డవా?" అన్నారు. "నాకు ఎర్కలేదు వనితా. అమ్మ మంచిగున్నదా?" అన్నారు.

ఆయనకు తెలియదు, అత్తమ్మా. నీ మీద గౌరవంతోనో, నాన్న ఫొటో పోగొట్టిన బాధతోనో నన్ను చూసుకున్నారని ఒక పూట అనుకున్నాను. అదేం కాదు. నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. అది తెలిశాక ఆయన నాకు ఇంకా పెద్దగా కనిపిస్తున్నారు.

నిద్ర వచ్చింది గానీ ధైర్యం రాలేదు. కాగితం ఇంకా సంచిలోనే ఉంది. ఆయన అంత పెద్దవాడు కాబట్టే, అలాంటి ఆఫీసులో నాలాంటిది ఉండకూడదని అనిపిస్తోంది. నెలాఖరుకు జగిత్యాల వెళతాను. ఇచ్చేద్దామనే ఉంది.

వనిత

*

సిరిసిల్ల
జులై 27

బిడ్డా,

నీకు ఇయ్యాల ఎక్కువ రాయ. మీ సార్ ఫోన్ చేసిండు. వచ్చే ఐతారం వస్తడట. నేను ఏం మాట్లాడాల్నో తెల్వక, తిన్నవా బాబూ అన్న. అటు దిక్కు ఏడుస్తున్నట్టే అనిపించింది.

పెద్దోళ్ల ఆఫీసుల నాలాంటిది ఉండొద్దు అని రాసినవు. నేను ఏడో తరగతి. నా నోట్ల నుంచి అచ్చిన మాటతోనే నడుస్తున్నదట గా ఆఫీసు. ఇగ నువ్వు ఆలోచన చేసుకో.

పాత కుర్చీ కాలు ఊగుతుంటె మేకు కొట్టిన. కడిగి ఎండకు పెట్టిన.

మీ అత్త

*

జగిత్యాల
ఆగస్టు 3

అత్తమ్మా,

నిన్న సార్ నీ ముందు కూర్చున్న వేళకు ఇక్కడ ఏం జరిగిందో రాస్తున్నాను. రాజీనామా ఆయన రాగానే ఇద్దామని సంచిలో పైనే పెట్టుకుని వచ్చాను.

సాయంత్రం నాలుగింటికి కుమారన్న వెల్గటూర్ నుంచి వచ్చాడు. గోదావరిలో స్నానానికి దిగి అన్నాచెల్లెళ్లిద్దరు మునిగిపోయారు, బడికి పోయే పిల్లలు. బయటి మెట్ల మీదే కూర్చుని ఫొటోలు పంపాడు. పంపాక కూడా లేవలేదు. తల మీద హెల్మెట్ అలాగే ఉంది. అరగంట గడిచింది. లోపలున్న మేమంతా సార్ ఖాళీ టేబుల్ వైపు చూశాం. ఎవరూ కదల్లేదు.

నేను లేచాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. రెండు చాయ్‌లు తెచ్చి, "కుమారన్నా, లోపలికి రా. వచ్చి ఆ కుర్చీలో కూర్చో" అన్నాను. "నేను రాసేటోన్ని కాదమ్మా, ఫొటోలు తీసేటోన్ని" అన్నాడు. "అయితే ఫొటో తీయనిది చెప్పు" అన్నాను.

వచ్చాడు. ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్నాడు. మాట రాలేదు. నోటికి రాకపోతే చేతికి వస్తుంది కదా. టేబుల్ మీద తెల్లకాగితాలు బోలెడున్నాయి, కానీ నా చేయి సంచిలోకి వెళ్లింది. రాజీనామా తీసి, దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, తిప్పి తెల్లవైపు ఆయన ముందు పెట్టాను.

కుమారన్న కాగితం మళ్లీ తిప్పాడు. కొట్టేసిన అక్షరాలన్నీ మెల్లగా చదివాడు. నా వైపు చూశాడు.

"నువ్వు గూడనా వనితా?"

"నేను గూడ అన్నా."

అప్పుడు హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గా పిల్ల నీళ్లల్ల దిగేముందు చెప్పులు ఒడ్డు మీద జోడుగ ఇడిసింది. పక్కన వాళ్ల అన్న చెప్పులు. అందరు గవి తియ్యమన్నరు. నేను తియ్యలే. కెమెరా కిందికి దించిన. ఇంట్ల నా బిడ్డ సుత గట్లనే జోడుగ ఇడుస్తది" అని మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లవి చెప్పాడు అత్తమ్మా. చీకటి పడేదాకా చెప్పాడు. చాయ్ రెండుసార్లు చల్లారింది, రెండుసార్లు తెప్పించాను.

నేను మధ్యలో మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు.

వనిత